మొదటి పొత్తు ఎవరు కొరకాలి

విశాఖపట్నం, లేడీస్ హాస్టల్
13 జూలై 2025

తాతా,

ఫోనులో నీ మాట సగం వినిపిస్తోంది, మిగతా సగం గాలి. మొన్న నువ్వు "ప్రార్థన చేసుకుని పరీక్షకెళ్లు" అన్నప్పుడు మధ్యలో ఎంత పెద్ద ఈల వచ్చిందంటే, పక్క మంచం మీది క్యాథరిన్ లేచి "కుక్కర్ ఎవరు పెట్టారే?" అని వెతికింది. పైగా టవరు అందాలంటే నువ్వు కొండెక్కాలి. అందుకే ఇక నుంచి ఉత్తరాలు రాసుకుందాం. నువ్వు పంతులువి, నీకు ఇదే హాయి. నాకూ ఇదే ఇష్టం. ఫోనులో మాట జారిపోతుంది, కాగితం మీదైతే ఎంచుకోవచ్చు.

జీపు కమ్మీ ఊడగొట్టిన నాలుగు పళ్ల చోట డాక్టర్ అనూరాధ గారు నీ ఎముకలో రెండు స్క్రూలు పెట్టారు కదా, ఎముక వాటిని గట్టిగా పట్టుకోవడానికి నాలుగైదు నెలలు పడుతుంది. అసలు పళ్లు బిగించేది ఆ తర్వాతే. అప్పటిదాకా గులాబీరంగు ప్లేటు మీద నాలుగు టెంపరరీ పళ్లు ఇచ్చారు. వాటితో దేన్నీ కొరకకూడదు తాతా. జామకాయా కాదు, జంతికా కాదు. పక్క పళ్లతో మెత్తటి అన్నం తిను. మిగతా జాగ్రత్తలన్నీ డాక్టరుగారు నీకు చెప్పారట. ఆ రోజు నేను పరీక్షలో ఉండిపోయాను, లేకపోతే పక్కన కూర్చుని రాసి ఇచ్చేదాన్ని.

మా డెంటల్ కాలేజీలో నేను ఫస్టియరే. నా మాట నమ్మి వైద్యానికి వచ్చిన మొదటి మనిషివి నువ్వు. ఆ పళ్లని జాగ్రత్తగా చూసుకో. నా పరువు నీ నోట్లో ఉంది.

నానమ్మకి ముద్దులు.
డాలీ

పెదబయలు
20 జూలై 2025

ఓ గుంటా,

నీ ఉత్తరం అయిదో రోజున అందింది. నలభై ఏళ్లు పిల్లల దస్తూరీ దిద్దిన చెయ్యి ఊరుకోదు కాబట్టి ముందు ఇది చెప్పాలి. నీ "ళ" కి పొట్ట పెరుగుతోంది. హాస్టల్ తిండి నీకు కాక దానికి పడుతున్నట్టుంది.

నువ్వు చెప్పిన నియమం అక్షరాలా పాటిస్తున్నాను. ఈ రోజుకి ఆ పళ్లకి ఒక్క మెతుకు తగల్లేదు. నువ్వు చెప్పకపోయినా తగలనిచ్చేవాణ్ణి కాదు. కొత్తవాటిని ఎలా చూసుకోవాలో మన ఊరికి ఒకరు నేర్పాలా? ఊరంతా వచ్చి చూసి వెళ్లారు. రాజులమ్మ అయితే "వరిగింజల్లాగున్నాయి పంతులూ, నీ సొంత పళ్లు కూడా ఇంత బాగుండేవి కాదు" అంది. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాను. మీ నానమ్మకి అదీ ఈర్ష్యే. "ఏటి, నలభై ఆరేళ్లలో నా మొకం ఇంతసేపు ఎప్పుడైనా సూసినావా?" అంటోంది.

ఇక అసలు సంగతి. సెప్టెంబరు ఏడున గుడిలో కొత్త పండుగ. నువ్వు పట్నం వెళ్లి ఏడాది కాలేదు కాబట్టి మరచిపోయి ఉండవు. కొత్త మొక్కజొన్న పొత్తులు ప్రార్థన బల్ల ముందు పెట్టి, మోసెస్ పాస్టరు ప్రార్థించి, ఊరి పెద్ద మొదటి పొత్తు కొరికేదాకా ఏ ఇంట్లోనూ పొత్తు కాలదు. పదకొండేళ్లుగా ఆ మొదటి కాటు నాది. ఈసారి సోంబరు ఇంటింటికీ తిరుగుతున్నాడు. "పంతులికి పళ్లు నేవు. నాకు డెబ్బైమూడేళ్లు, ముప్పైరెండూ రాళ్లలాగున్నాయి. మొదటి పొత్తు నాకియ్యండి" అంటున్నాడట. అని నవ్వుతాడట, అదీ పెదవులు మూసుకుని. ఏటా ఒకసారి సాలూరులో చుట్టాలింటికి వెళ్లి రావడం, వచ్చాక ఈ బడాయి ఇంకాస్త పెంచుకోవడం అతనికి అలవాటు. తిరగనీ. నా పళ్ల సంగతి అతనికి ఏడో తారీకున తెలుస్తుంది.

బాగా చదువుకో.
మీ తాత, అహరోను

విశాఖపట్నం
28 జూలై 2025

తాతా,

నీ ఉత్తరం డాక్టర్ అనూరాధ గారికి చదివి వినిపించాను. "ఒక్క మెతుకు తగల్లేదు" అన్న చోట ఆవిడ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "ఇలాంటి పేషెంటుని నేను చూడలేదు, మీ తాతగారిని మిగతా వాళ్లకి చూపించాలి" అన్నారు. నేను రెండు అంగుళాలు పెరిగాను.

లైబ్రరీలో ఈ వారం నాకో మాట దొరికింది. పంటి చుట్టూ ఉండేదీ చిగురే, చెట్టు కొమ్మకి వచ్చేదీ చిగురే. నీ నోట్లో ఇప్పుడు జరుగుతున్న పని ఆ రెండిటికీ సరిపోతుంది కదా! క్యాథరిన్ అంటుంది, నాది పళ్ల చదువు కాదు, మాటల చదువు అని.

నీ మాట ఇప్పుడెలా ఉంది? పెట్టుకున్న వారం పది రోజులకి నాలుక అలవాటు పడుతుందట. అద్దం ముందు నిలబడి "తాత, దండ, సంత, ప్రార్థన" అని పలికి, ఏది బాగా వచ్చిందో, ఏది తప్పిందో రాయి. నోట్సు రాసుకుంటాను.

సోంబరు తాత బడాయిని పట్టించుకోకు. నీ నవ్వు చూస్తే అతనే ఊరుకుంటాడు.

డాలీ

పెదబయలు
6 ఆగస్టు 2025

ఓ గుంటా,

అద్దం ముందు పలికాను. "తాత" అంటే అద్దం తడిసింది. "సంత" అంటే పొయ్యి దగ్గర పిల్లి పారిపోయింది. "ప్రార్థన" అంటే మీ నానమ్మ వంటింట్లోంచి "పిలిసినావా?" అంది. ఇదే నీ నోట్సు, రాసుకో.

నీకు ఇంత చదువు వచ్చింది గానీ చిన్న విషయం తట్టలేదు. మాట ఎలా బాగుపడుతుంది? పళ్లు పెట్టెలో ఉన్నాయి, నోరు నా దగ్గర ఉంది.

మీ నానమ్మ పెళ్లిచీర కొంగు ముక్కలో చుట్టి, బైబిలు పెట్టెలో పెట్టాను. చెమ్మ తగలకుండా మిరియాలు కూడా నాలుగు వేశాను. వచ్చినవాళ్లకి విప్పి చూపించి మళ్లీ చుట్టేస్తున్నాను. మామిడి గానీ, చిక్కుడు గానీ, కొర్రలు గానీ కొత్త చేయకుండా మనం నోట పెట్టుకుంటామా? పళ్లకీ అంతే కదా. ఏడో తారీకున వాటినీ పొత్తుల పక్కన బల్ల ముందు పెడతాను. ప్రార్థన అయ్యాక అందరూ చూస్తుండగా పెట్టుకుని, మొదటి పొత్తు కొరుకుతాను. పొత్తుకీ కొత్త, పళ్లకీ కొత్త, సోంబరు నోటికి తాళం. మూడూ ఒక్క కాటుతో అయిపోతాయి.

అంతవరకు కొరకొద్దని నువ్వు ముందే రాశావు చూడు, ఆ ఉత్తరం మోసెస్ పాస్టరుకి చూపించి, "పట్నం వెళ్లినా నా మనవరాలు మన పద్ధతి మరచిపోలేదు" అని చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు.

కాపీ తోటలో కలుపు తీయిస్తున్నాం. వాన బాగుంది.

మీ తాత, అహరోను

విశాఖపట్నం
12 ఆగస్టు 2025

తాతా,

ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు పెట్టె తెరువు. ఆ మిరియాలు తీసెయ్యి. పళ్లని చల్లటి నీళ్లలో వెయ్యి. వేడినీళ్లు వద్దు. వేశావా? ఇప్పుడు చదువు.

తప్పు నాది. "కొరకొద్దు" అని రాశాను, "పెట్టుకో" అని రాయలేదు. చెప్పాల్సిన మాట వదిలేసి, "నా పరువు నీ నోట్లో ఉంది" లాంటి అందమైన మాటలు రాసుకున్నాను. నోట్లో కాదట, మిరియాల మధ్య ఉందట.

అవి తినడానికి ఇచ్చినవి కావు తాతా, ఉండడానికి ఇచ్చినవి. పగలంతా నోట్లో ఉండాలి. రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచాలి, ఎండితే ప్లేటు వంకరపోతుంది. నోట్లో నాలుగు పళ్ల చోటు ఖాళీగా ఉంటే అటూ ఇటూ ఉన్న పళ్లు ఆ చోటులోకి ఒరుగుతాయి, కింది పళ్లు పైకి లేస్తాయి. రేపు అసలు పళ్లు వచ్చేసరికి వాటికి చోటుండదు. నీ మాట సరిగ్గా రావాలన్నా అవి ఉండాలి. చిగురు చక్కగా సర్దుకోవాలన్నా ఉండాలి.

ఏడో తారీకున మాత్రం పొత్తు కొరకొద్దు. ఈ ఒక్కటీ బాగా విను. లోపల స్క్రూలని ఎముక ఇంకా పూర్తిగా పట్టుకోలేదు. నువ్వు పొత్తు కొరికితే ఆ బరువు వాటి మీద పడి కదులుతాయి. కదిలితే తీసెయ్యాలి. మళ్లీ మొదటినుంచి మొదలు. మళ్లీ పెట్టగలరో లేదో కూడా ఇప్పుడే చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. ఈసారి ఆవిడ కళ్లజోడు తీయలేదు, నవ్వలేదు.

ప్లేటు నానాక మెల్లగా పెట్టి చూడు. పట్టకపోతే బలవంతంగా తోయకు. నాకు రాయి.

డాలీ

పెదబయలు
19 ఆగస్టు 2025

డాలీకి,

నీ ఉత్తరం అందాక రెండు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మీ నానమ్మ ఆ సంగతి గమనించనేలేదు, అదింకా బాధగా ఉంది.

పళ్లు నానబెట్టాను. పెట్టి చూశాను. ఒకవైపు కూర్చుంటే రెండోవైపు లేస్తోంది. బలవంతం చేయలేదు. నోటి నుంచి మిరియాల వాసన మాత్రం బాగా వస్తోంది.

తినడానికి కాని పళ్లు నాకెందుకు, చెప్పు? గోడకి తగిలించుకోనా? నీకు రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. మార్చిలో పళ్లు పోయిన దగ్గర్నుంచి నేను గుడిలో నోరు విప్పి ప్రార్థించలేదు. ఒక్క ఆదివారం ప్రయత్నించాను. ఈల వచ్చింది. వెనక వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు, నేను చదువు చెప్పినవాళ్ల పిల్లలే. అప్పట్నుంచి మోసెస్ పాస్టరు "మన పంతులుగారు మౌనంగా ప్రార్థిస్తారు" అని సర్దేస్తున్నాడు. ఇప్పుడు మొదటి పొత్తు కూడా పోతే ఆ గుడిలో నాకు మిగిలేది కూర్చునే బెంచీ ఒక్కటే.

సోంబరు నిన్న మన వీధిలోంచి వెళ్తూ, "పంతులూ, పొత్తు రుబ్బి జావ కాయించమంటావేటి నీకు?" అని అరిచాడు. మీ నానమ్మ "బేగి పో, నేకపోతే ఆ జావ నీ నెత్తి మీద పోత్తాను" అంది. అదొక్కటే ఈ వారం మంచి వార్త.

ఇరవై ఎనిమిదిన బస్సెక్కి వస్తాను. మీ డాక్టరమ్మ చేత ప్లేటు సరిచేయించు. పొత్తు సంగతి నేను మాటివ్వలేను.

అహరోను

విశాఖపట్నం
29 ఆగస్టు 2025

తాతా,

నిన్న నువ్వు వచ్చావు, ప్లేటు సరిచేయించుకున్నావు, నా పక్కనే అరగంట కూర్చుని బస్సు టైము మూడుసార్లు అడిగావు. నాకు ప్రాక్టికల్ కి వేళైపోయింది. నీ బస్సు కదిలాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. నాకెప్పుడూ ఇంతే, కాగితం ముందుంటే గానీ నోరు రాదు.

"తినడానికి కాని పళ్లు ఎందుకు" అని అడిగావు. నీకు మలేరియా వచ్చి పది నెలలు మంచం మీద ఉన్న కథ నువ్వే నాకు వందసార్లు చెప్పావు. అప్పుడు నీ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? భీముడు. ఎనిమిదో తరగతి చదివినవాడు. లెక్కలు రావు. పద్యం చెబితే తప్పులే. కానీ రోజూ తలుపు తీశాడు, గంట కొట్టాడు, పిల్లల్ని పోగేసి కూర్చోబెట్టాడు. బడి ఖాళీగా ఉంటే దాన్ని పై ఊరికి తీసుకుపోయేవారని నువ్వే అన్నావు. నువ్వు తిరిగి వచ్చేసరికి నీ బడి నీ ఊళ్లోనే ఉంది. భీముడు చదువు చెప్పలేదు తాతా, చోటు కాపాడాడు. నీ నాలుగు పళ్లూ ఆ పనే చేస్తున్నాయి. వాటి చేత లెక్కలు చేయించకు.

మొదటి పొత్తు సోంబరు తాతకి ఇచ్చెయ్యి. అతను లాక్కున్నట్టు కాకుండా, నువ్వే పిలిచి నీ చేత్తో ఇవ్వు. ఇచ్చేవాడు పెద్దవాడే అవుతాడు. నాకు ఇంతకంటే మంచి మాట దొరకలేదు, రెండు గంటలు వెతికాను.

డాలీ

పెదబయలు
9 సెప్టెంబరు 2025

ఓ గుంటా,

పండుగ అయింది. స్క్రూలు కదల్లేదు. ముందు ఈ రెండూ మీ డాక్టరమ్మకి చెప్పి, తర్వాత మిగతాది నువ్వొక్కదానివే చదువుకో. ఎవరికీ వినిపించకు, కారణం చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

ఆదివారం పళ్లు పెట్టుకునే గుడికి వెళ్లాను. అప్పటికి పది రోజులుగా పెట్టుకుంటున్నాను, మీ నానమ్మకి తప్ప ఎవరికీ చూపించలేదు. పాస్టరు ప్రార్థన అయ్యాక కాల్చిన మొదటి పొత్తు నా చేతిలో పెట్టారు. గుంటా, ఏం వాసన! ఆ క్షణాన నిన్నూ, మీ డాక్టరమ్మనీ, ఆ రెండు స్క్రూలనీ, అందరినీ మరచిపోయాను. నోటి దాకా తెచ్చాను. అప్పుడు ఎందుకో భీముడు గంట కొట్టడం గుర్తొచ్చింది. దించేశాను.

"ఈ ఏడు మొదటి పొత్తు సోంబరు కొరుకుతాడు" అన్నాను.

అతను పొంగిపోతాడనుకున్నాను. ముఖం సున్నం కొట్టినట్టయింది. దగ్గరికి వచ్చి, పెదవులు కదపకుండా, "పంతులూ, నువ్వే కొరుకు. నువ్విస్తావని నానెప్పుడనుకున్నాను?" అన్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. "కొరుకు సోంబరూ, ముప్పైరెండూ రాళ్లే కదా" అని పొత్తు చేతిలో పెట్టాను. ఊరంతా చూస్తోంది. ఇక తప్పక, కళ్లు గట్టిగా మూసుకుని కొరికాడు. పొత్తు వెనక్కి లాగాడు.

పొత్తు వచ్చింది. దాంతో పాటు పై పళ్ల వరస మొత్తం వచ్చింది.

పొత్తుకి పళ్లు, సోంబరుకి బోసినోరు. ఆ సెట్టు సాలూరులో కట్టించుకున్నదట, ఏడేళ్లైందట. ఏటా వెళ్లేది చుట్టాలింటికి కాదు, బిగువు చేయించుకోవడానికి. ఇవన్నీ తర్వాత తెలిశాయి. ఆ నిమిషంలో నాకు అతని ముఖం తప్ప ఏదీ కనబడలేదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను కాబట్టి పొత్తు ఇంకా ఎవరికీ కనిపించలేదు. ఇంకొక్క క్షణం ఆగితే వెనక వరస పిల్లలు చూసేవాళ్లు. ఆ పిల్లల నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"అందరూ కళ్లు మూసుకోండి! ప్రార్థన!" అని ఒక్క కేక వేశాను.

డాలీ, "ప్రార్థన" పూర్తిగా వచ్చింది. ఈల లేదు, గాలి లేదు. మార్చి తర్వాత గుడిలో ఆ మాట నా నోట సరిగ్గా రావడం అదే మొదటిసారి. మోసెస్ పాస్టరు ఉలిక్కిపడి తనే ముందు కళ్లు మూసుకున్నాడు.

ఇక ప్రార్థించాను. వానల కోసం, కాపీ కోసం, మిరియాల కోసం ప్రార్థించాను. ఒక కన్ను తెరిచి చూస్తే సోంబరు ఇంకా గింజల్లోంచి సెట్టు ఊడదీస్తున్నాడు. సరే అని రోడ్డు కోసం, టవరు కోసం, పరీక్షలు రాసిన నీ కోసం, నీ పక్క మంచం క్యాథరిన్ కోసం ప్రార్థించాను. ఇంకా కాలేదు. జీపు డ్రైవరుని క్షమించాను. ఎప్పటికో సోంబరు, అయిందన్నట్టు, రెండుసార్లు దగ్గాడు. అప్పుడు ఆమెన్ అన్నాను. ఊరందరూ కళ్లు తెరిచేసరికి సోంబరు నోరు నిండుగా ఉంది, పొత్తు మీద చక్కటి కాటు ఉంది. పాస్టరు నా చెయ్యి పట్టుకుని "ఇన్ని నెలలు మౌనంగా దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చింది పంతులుగారూ" అన్నాడు. వచ్చే ఆదివారం నుంచి ముగింపు ప్రార్థన నాదేనట. కాస్త పొట్టిగా చేయమన్నాడు.

ఇంటికొచ్చాక మీ నానమ్మ నా పొత్తు గింజలు మెత్తగా రుబ్బుతూ, "ఏటి, ఆ పొత్తుకి పళ్లు మొలిసినట్టు కనబడినాది నాకు" అంది. ఆవిడ ప్రార్థనలో ఎప్పుడూ కళ్లు మూసుకోదని నలభై ఆరేళ్లకి తెలిసింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. సోంబరు సాయంత్రం ఒక గిన్నె తీసుకుని వచ్చాడు. జావ పోయించుకుని ఇద్దరం అరుగు మీద కూర్చుని తాగాం. గిన్నె ఖాళీ చేసి, "మీ గుంట సదివే కాడ, ఆ మేకుల డాక్టరమ్మ నాకూ సూత్తాదేటి?" అన్నాడు. అడిగి రాయి.

నిన్న సోమవారం బస్సెక్కి జి.మాడుగుల వైపు వెళ్లాను. భీముడు ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. పది నెలలు నా కుర్చీ కాపాడినవాడు. నేను తిరిగి వచ్చిన రోజున "ఇక నువ్వు పోవచ్చు" అన్నాను, అంతే. ముప్పై మూడేళ్లైంది. నీ ఉత్తరం చదివేదాకా నాకు అది తప్పనిపించలేదు. పది పొత్తులు ఇచ్చాను. "ఎందుకు సార్ ఇవి?" అన్నాడు. ఎందుకో చెప్పాను. బోసినోటితో నవ్వాడు. "గంట మాత్రం నానే బాగా కొట్టీవోణ్ణి సార్" అన్నాడు. నిజమే.

అసలు పళ్లు వచ్చాక ఈ నాలుగింటినీ మీ కాలేజీలో ఏం చేస్తారు? పారేస్తారా? పారేయనివ్వకు. బిగించే తారీకు తెలిశాక నాకు ముందుగా రాయి. ఈసారి వీడ్కోలు చెప్పకుండా పంపను. దండ నేను తెస్తాను, చిన్నదే, నాలుగు పళ్లకి సరిపోయేది.

మీ తాత, అహరోను